అంటుకునే ముందు ఆగిన నక్షత్రం

నేను పనిచేసిన గదికి కిటికీల్లేవు. నక్షత్రాల మీద పరిశోధన జరిగే గదికి కిటికీ లేకపోవడమేమిటని కొత్తగా వచ్చినవాళ్లందరూ అడిగేవారు. ఏసీ చల్లదనం బయటికి పోతుందని జవాబు చెప్పేవాణ్ణి. తిరుపతిలోని ఒక విద్యాసంస్థలో ముప్పై ఏళ్లకు పైగా కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం చేసి, పోయినేడాది రిటైరయ్యాను. అన్నేళ్లలో ఒక్కనాడూ టెలిస్కోపులో కన్ను పెట్టి చూసిన పాపాన పోలేదు. నాకు తెలిసిన నక్షత్రాలన్నీ ఆ గదిలో, ఇనుప అరల్లో పేర్చిన పెట్టెల్లోనే అంకెలుగా తిరిగాయి.

మీలో కొందరు నాలాంటి గదుల్లో ఈమధ్యే ఉద్యోగంలో చేరి ఉంటారు. మీ యంత్రాలు మా వాటికంటే చురుకైనవి, మీ చదువులు నా చదువుకంటే పెద్దవి. పని నేర్పే స్థితిలో నేను లేను. నా చేతుల మీదుగా జరిగిన ఒక తప్పు గురించీ, దాన్ని కప్పిపెట్టడానికి నేనాడిన ఒక అబద్ధం గురించీ చెబుతాను. చదివి నన్ను నాలుగు తిట్టుకున్నా నాకేం బాధలేదు.

మా భౌతికశాస్త్ర విభాగంలో ఒక మేడం ఉండేవారు. పూతలపట్టు దగ్గర పల్లె ఆమెది. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి మామిడితోట చూసుకుంటూ ఈమెను చదివించింది. మేడం పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా ఆరా తీస్తే, "అడిగినోళ్లకు నా లెక్క అర్థం కాలా, అర్థమైనోళ్లు అడగలా" అని నవ్వేవారు. నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్న. నన్ను అన్నా అనేవారు. నేను మేడం అనేవాణ్ణి. ఇద్దరం చిత్తూరు వైపు వాళ్లమే కాబట్టి, పక్కన ఎవరూ లేకపోతే మాటల్లో మా ఊరి యాస దొర్లేది.

ఆమె ఇరవై ఏళ్లుగా పట్టుకుని వేలాడిన ప్రశ్న ఒక్కటే. క్యాంటీన్‌లో టీ తాగుతూ నాకు ఎన్నోసార్లు చెప్పారు కాబట్టి, నాకు అర్థమైనంత మేరకు చెబుతాను. తప్పులుంటే నావి.

సూర్యుడిలాంటి నక్షత్రం ఇంధనమంతా కాల్చుకున్నాక చివరికి ఒక ముద్ద మిగులుతుంది. దాన్ని శ్వేత మరుగుజ్జు అంటారు. పరిమాణంలో మన భూమి అంతే ఉంటుంది, బరువు మాత్రం సూర్యుడంత. అది ఎక్కువగా కార్బన్, ఆక్సిజన్. ఒంటరిగా ఉంటే కోట్లాది ఏళ్లపాటు మెల్లగా చల్లారుతూ పోతుంది, దాని కథ అంతే. పక్కనే ఇంకో నక్షత్రం ఉంటే మాత్రం దాన్నుంచి కొంచెం కొంచెంగా వాయువును లాక్కుని మీద పోసుకుంటుంది. అలా బరువు పెరిగి పెరిగి ఒక హద్దు దగ్గరికి వచ్చేసరికి లోపలి కార్బన్ ఉడకడం మొదలవుతుంది.

"మామూలు నక్షత్రం వేడెక్కితే ఉబ్బుతాది అన్నా. ఉబ్బితే సల్లబడతాది. మూత లేస్తే ఆవిరి పోయినట్ల" అనేవారు మేడం. "దీనికి ఆ దారి లేదు. ఎంత వేడెక్కినా ఉబ్బదు. అందుకని ఆ వేడి లోపల్లోపలే పెరగతా పోతాది. వందల ఏండ్లు ఉడకతాది. ఆమీట యాడో ఒక సోట అంటుకుంటాది. అంటుకున్న ఒకటి రెండు సెకన్లలో మొత్తం నక్షత్రం పేలిపోతాది."

దాన్నే సూపర్‌నోవా అంటారు. అది ఒక పాలపుంత అంతటి కాంతితో మెరుస్తుందట. ఇలా పేలే నక్షత్రాల వెలుగును కొలబద్దగా పెట్టుకునే శాస్త్రవేత్తలు విశ్వంలో దూరాలు లెక్కగడతారు. మేడం ప్రశ్న ఆ మొదటి నిప్పు గురించి. అది ఎక్కడ పడుతుంది? సరిగ్గా నడిమధ్యనా, కొంచెం పక్కనా? నడిమధ్య పడితే పేలుడు ఒక తీరుగా సాగుతుంది, పక్కన పడితే ఇంకో తీరుగా. లోపలికి పోయి చూసే వీలు ఎవరికీ లేదు. లెక్కగట్టడం ఒక్కటే దారి.

ఆ లెక్క కోసమే ఆమె సొంతంగా ఒక ప్రోగ్రాం రాసుకున్నారు. అంటుకోబోయే నక్షత్రం ఆఖరి రెండు గంటలు ఎలా ఉడుకుతుందో అది చూపిస్తుంది. ఆ రెండు గంటల్ని లెక్కగట్టడానికి మా యంత్రాలకు మూడు నెలలకు పైగా పట్టేది. జులైలో మొదలుపెట్టాం. పొద్దున్నే గదిలోకి పోగానే నేను మొదట చూసేది ఆ నక్షత్రం వేడినే. రోజూ కొంచెం పెరిగేది. మేడం మెట్ల మీంచే "ఎంతన్నా ఈ పొద్దు?" అని అడిగేవారు. నేను అంకె చెప్పేవాణ్ణి. ఆమె ముఖం విప్పారేది.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. అప్పటికే ఆమెకు ఒంట్లో జబ్బు ఉంది. ఎంత కాలం ఉంటారో డాక్టర్లు ఆమెకు దాదాపుగా చెప్పేశారు. ఆమె మాకెవరికీ చెప్పలేదు. వేలూరు ఆసుపత్రికి పోయి వచ్చినప్పుడల్లా చుట్టాల పెళ్లి అనేవారు. ఈ చుట్టాలింట్లో ఇన్ని పెళ్లిళ్లేమిటని నేను ఎగతాళి చేశాను కూడా. ఆ ఎగతాళి గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఇక ఆయుధపూజ సంగతి. మా వైపు ఈ పండగను ఎలా చేస్తారో తెలియనివాళ్ల కోసం కాస్త వివరంగా చెబుతాను. మహర్నవమి నాడు పనిముట్లకు పూజ. బస్సు డ్రైవరు బస్సు కడుగుతాడు, దర్జీ మిషను తుడుస్తాడు, చిత్తూరు కోర్టులో టైపు కొట్టేవాళ్లు కూడా మిషన్లకు బొట్టు పెడతారు. మా సంస్థలో వర్క్‌షాప్ లేత్ మిషను దగ్గర్నుంచి జనరేటరు, వ్యాను, నా కంప్యూటర్ల దాకా అన్నిటికీ విభూతి, గంధం, కుంకుమ. బొరుగులు, బెల్లం, పుట్నాలు పంచిపెట్టడం. గడప దగ్గర బూడిదగుమ్మడికాయ కొట్టడం. పూజ చేసిన పనిముట్టును మర్నాడు పొద్దున దాకా వాడకూడదు. దానికి ఆ ఒక్కరోజు విశ్రాంతి.

నాకు పని నేర్పిన పెద్దాయన ఈ నియమాన్ని నిష్ఠగా పాటించేవారు. కార్డులకు చిల్లులు పొడిచి కంప్యూటర్‌కు తినిపించిన కాలం ఆయనది. రిటైరై పదిహేనేళ్లైనా ప్రతి ఆయుధపూజకూ పంచె కట్టుకుని వచ్చేవారు. ఆయన హారతి ఇస్తే గానీ మాకు పూజ అయినట్టు ఉండేది కాదు. ఆయన నేర్పిన ప్రకారం నేనూ ప్రతి ఏడాదీ ఆ సాయంత్రం యంత్రాలన్నీ ఆపేసి, మర్నాడు కొబ్బరికాయ కొట్టి మళ్లీ పెట్టేవాణ్ణి. పరిశోధకులు ముందు గొణిగినా తర్వాత అలవాటుపడ్డారు.

ఆ ఏడాది మేడం వారం ముందే నా దగ్గరికి వచ్చారు.

"అన్నా, పూజ మీ ఇష్టమొచ్చినట్ల సేసుకోండి. ఆపేది మాత్రం వద్దు. అంటుకునేదానికి ఇంకా పదిదినాలు కూడా లేదు."

"మీరు చెప్పాలా మేడం? దాన్ని నేను ముట్టను" అన్నాను.

పండగ నాడు ఆమె వేలూరులో ఉన్నారు. పూజ మధ్యాహ్నం మూడున్నరకు మొదలైంది. మిగతా యంత్రాలన్నీ ఆపాను. మేడం లెక్క నడిచే అరల్లో మాత్రం దీపాలు మినుకుమంటున్నాయి. వాటికీ బొట్టు పెట్టాను. పెద్దాయన హారతిపళ్లెం పట్టుకుని ఆ అరల ముందు నిలబడిపోయారు.

"ఏమబ్బా, ఇది ఆపలేదే?"

"ఒక ముఖ్యమైన లెక్క నడుస్తా ఉండాది సార్."

"ముఖ్యం గానిది యాడుండాది? నా కాలంలోనూ అందురూ అదే మాట సెప్పినారు. బొట్టు పెట్టిన కత్తితో అప్పుడే కూరగాయలు తరగతా ఉంటే అది పూజెట్లయితాది?"

వర్క్‌షాప్ వాళ్లు కిసుక్కున నవ్వారు. లేత్ మిషను చూసుకునే మిత్రుడు, "ఆయనకిప్పుడు దేవునికన్నా మేడమే పెద్ద" అని ఓ చురక వేశాడు. అది మామూలు పరిహాసమే, మేం రోజూ వేసుకునేవే. ఆ పెద్దాయన ముందు మాత్రం నాకు తల కొట్టేసినట్టైంది.

నా మనసులో ఒక లెక్క వేసుకున్నాను. ఇంత పొడుగు పని నడిచేటప్పుడు, ఆరు గంటలకొకసారి యంత్రం అప్పటిదాకా జరిగిందంతా ఒక ఫైలులో రాసి దాచుకుంటుంది. దాన్ని చెక్‌పాయింట్ అంటాం. పని మధ్యలో ఆగినా ఆ ఫైలు నుంచి మళ్లీ అందుకోవచ్చు. ఆ రోజు నాలుగింటికి ఫైలు రాసే సమయం. రాయడానికి పది నిమిషాలు పడుతుంది. నాలుగుంపావుకు ఆపి, మర్నాడు పొద్దున అక్కణ్నుంచే పెడితే పోయేది ఒక్క రాత్రి. పెద్దాయన మాటా దక్కుతుంది, మేడం పనీ పాడుకాదు. ఇందులో అంత కొంప మునిగేదేముంది అనుకున్నాను.

మునిగింది, పదిరోజుల ముందు నేను చేసిన ఇంకో పని వల్ల. పద్ధతి ప్రకారం ఆ ఫైళ్లలో వెనకటివి రెండు మూడు ఎప్పుడూ ఉంచాలి. మా డిస్కులు నిండిపోయాయి. కొత్త డిస్కుల కోసం పెట్టిన కాగితం ఏ బల్ల మీదో నిద్రపోతోంది. స్థలం కలిసొస్తుందని, మేడం లెక్కకు ఒకే ఫైలు ఉండేలా, కొత్తది పాతదాని మీదే రాసుకునేలా మార్చాను. డిస్కు నిండితే రాయడం కూడా నెమ్మదిస్తుంది. ఆ రోజు పది నిమిషాల పని పావుగంటకు కూడా పూర్తికాలేదు. నేను గోడ మీద గడియారం చూశాను గానీ ఫైలు చూడలేదు. నాలుగుంపావుకు ఆపేశాను. పెద్దాయన సంతోషంగా హారతి ఇచ్చారు. గుమ్మడికాయ కొట్టాం.

మర్నాడు పొద్దున కొబ్బరికాయ కొట్టి అన్నీ పెట్టాను. అన్నీ లేచాయి, అదొక్కటి తప్ప. ఫైలు సగమే ఉంది. పాతది పోయింది, కొత్తది పూర్తికాలేదు. మూడు నెలల పని మొత్తం పోయింది. మళ్లీ నడపాలంటే మొదటి రోజు నుంచి నడపాల్సిందే. కుంకుమబొట్లు పెట్టిన ఆ అరల ముందు స్టూలు మీద ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

పదిగంటలకు ఫోను వచ్చింది.

"అన్నా, ఎంత ఈ పొద్దు?"

ఆ ఒక్క క్షణం గురించే నేను ఇదంతా రాస్తున్నాను. ముప్పై ఏళ్లలో ఎవరి ఫైలూ పోగొట్టలేదని నాకో పేరుండేది. కొత్తవాళ్లు చేరితే నేనే ఆ మాట పదిసార్లు చెప్పుకునేవాణ్ణి. ముట్టనని మాట ఇచ్చి మరీ ముట్టాను. ఎవరో నవ్వారని ఆపానని ఎలా చెప్పను?

"రాత్రి ఎప్పుడో అదంతట అదే ఆగిపోయింది మేడం. ఫైలు కూడా పాడైంది. ఎందుకో తెలియడం లేదు" అన్నాను.

అవతల ఆసుపత్రి వరండాలో ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్న గొంతు వినబడింది. అది పెళ్లిల్లు కాదని అప్పుడైనా నాకు తట్టలేదు.

"అంటుకునే ముందరే ఆగిందంటే, నేను మంట రాసిన సోటే ఏందో తప్పుండాలన్నా" అన్నారు. "నా ప్రోగ్రాంలోనే ఉంటాది. వచ్చి సూస్తాను. మీరు బాధపడొద్దు."

నన్ను బాధపడొద్దన్నారు. ఫోను పెట్టేశాక నేను చేసిన పని ఇంకా నీచమైనది. ఎవరు ఎప్పుడు యంత్రాన్ని ఆపారో రాసుకునే చిట్టా ఒకటి ఉంటుంది. అందులో నా పేరూ, నాలుగుంపావూ ఉన్న వరసలు చెరిపేశాను. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ గది తాళాలన్నీ నా దగ్గరే ఉండేవి.

మేడం తిరిగొచ్చి ప్రోగ్రాం మొత్తం కాగితాల మీద ముద్రించుకున్నారు. పెన్సిలు పట్టుకుని ఒక్కొక్క వరసా చదవడం మొదలుపెట్టారు. కార్బన్ మండే భాగాన్ని పూర్తిగా విప్పి మళ్లీ రాశారు. చిన్న చిన్న ముక్కలుగా నడిపించి చూశారు. ఎక్కడా ఆగలేదు. ఎందుకాగుతుంది? "తప్పు దొరకలా అన్నా, అదే భయంగా ఉండాది" అనేవారు. తప్పు ఎక్కడుందో తెలియకుండా మళ్లీ మూడు నెలలు నడిపితే, మళ్లీ అక్కడికే వచ్చి ఆగిపోతే? అందుకని మొదలుపెట్టనివ్వలేదు. "ముందు నా తప్పు నాకు కనపడల్ల" అని మొండిగా ఉండేవారు.

దీపావళి పోయింది. మార్గశిరం వచ్చింది. మేడం తలకు స్కార్ఫు కట్టుకుని రావడం మొదలైంది. చలి అన్నారు. మా వైపు చలి ఏపాటిదో మీకు తెలుసు. అప్పుడు గానీ మాకు విషయం తెలియలేదు. విభాగంలో అందరూ గొంతులు తగ్గించి మాట్లాడుకోసాగారు. నేను తేలుకుట్టిన దొంగలా నా గదిలోంచి బయటికి రాలేదు. చెబుదామని ఆమె గది దాకా మూడుసార్లు పోయాను. మూడుసార్లూ "టీ తెప్పించమంటారా మేడం" అని అడిగి తిరిగొచ్చాను. ఆలస్యమయ్యేకొద్దీ అబద్ధానికి బరువు పెరుగుతుంది. మొదటి రోజు నోటి చివర ఉన్నది నెల తిరిగేసరికి గుండెల్లోకి దిగిపోయింది.

సంక్రాంతి పోయాక మేడం సెలవు పెట్టి తల్లి దగ్గరికి వెళ్లిపోయారు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఉదయం నేను చిత్తూరు బస్సెక్కి పూతలపట్టులో దిగాను. అక్కణ్నుంచి ఆటోలో వాళ్ల పల్లెకు. దారి పొడుగునా మామిడితోటలు విరగపూసి ఉన్నాయి. చూసే మనసు నాకు లేదు.

మేడం తల్లికి డెబ్బై దాటి ఉంటాయి. సన్నగా, నిటారుగా ఉంది. తలుపు దగ్గరే చెప్పింది.

"నిద్ర పోదప్పా. అన్నం తినదు. పొద్దస్తమానం ఆ కాయితాలే. నాక్కూడా సెప్పింది, ఏందో నచ్చత్రమంట, సంగటి ఉడికినట్ల ఉడకతాదంట, నడిమద్దె అంటుకుంటాదో పక్కన అంటుకుంటాదో తెలియాలంట. తప్పు యాడుండాదో దొరకలేదని ఒకటే దిగులు. నువ్వన్నా సెప్పు, ఇంక సాలించుకోమని."

మేడం మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్నారు. సగమైపోయారు. ఒళ్లో ప్రోగ్రాం కాగితాలు. ప్రతి వరస పక్కనా పెన్సిలు టిక్కులు, కొన్నిచోట్ల రెండు, కొన్నిచోట్ల మూడు. ఒకే వరసను మూడుసార్లు తనిఖీ చేశారన్నమాట. తప్పులేని పేజీల్లో తప్పు వెతుకుతూ కూర్చున్న ఆ మనిషిని చూశాక ఇక ఆగలేకపోయాను.

"మేడం, ఆ రోజు అది తనంతట తాను ఆగలా. నేనే ఆపినాను."

ఆమె వెంటనే నా వైపు చూడలేదు.

"ఎన్ని గంటలకు?"

"ఆయుధపూజ నాడు నాలుగుంపావుకు. ఫైలు రాయడం అయిపోయిందనుకున్నాను. అయిపోలా."

"చిట్టాలో లేదే?"

"నేనే చెరిపేసినాను."

పెన్సిలు కాగితాల మీద పెట్టేశారు.

"అంటే నా లెక్కలో తప్పు లేదు."

"లేదు మేడం."

ఒక్క క్షణం ఆమె ముఖంలో పాత వెలుగు కనిపించింది. నిజంగా కనిపించింది. తర్వాత కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

"నాలుగు నెలలన్నా" అన్నారు. "ఆపినందుకు ఏమనను. ఫోను సేసినప్పుడు సెప్పుంటే ఒకపూట తిట్టుందును. మర్నాడే మళ్లా పెట్టించుందును. ఈపాటికి సూసేసుందును గదా." కాసేపు ఊపిరి తీసుకున్నారు. "ఇరవై ఏండ్లు నేను రాసుకున్నదాన్ని నేనే నమ్మకుండా పోయినాను. మీరు నమ్మకుండా సేసినారు."

క్షమించండి అన్నాను.

"ఇంకేం సెప్పొద్దు. పొండన్నా."

తలుపు దగ్గర ఆమె తల్లి మజ్జిగ చెంబుతో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. ఆ చెంబు నాకు ఇవ్వలేదు, లోపలికి తీసుకుపోయింది. నేను చెప్పులేసుకుని రోడ్డు మీదికి వచ్చాను.

మీరు ఆమె క్షమించిందని వింటారనుకుని ఉంటారు. నేనూ అలాంటి కథలు విన్నాను. ఆమె క్షమించలేదు. ఆమె కోపం న్యాయమైనది. మర్నాడు పొద్దున ఫోనుకు ఒక సందేశం వచ్చింది. "పాత ప్రోగ్రామే పెట్టండి. నేను దిద్దింది వద్దు. మూడు ఫైళ్లు ఉంచండి." అంతే. ఆ తర్వాత ఆమె నాతో మాట్లాడలేదు. రోజూ సాయంత్రం ఐదింటికి నక్షత్రం వేడి ఎంతో ఆమెకు సందేశం పంపేవాణ్ణి. చదివినట్టు గుర్తు పడేది. జవాబు వచ్చేది కాదు. డిస్కుల కాగితం కోసం నేనే పై ఆఫీసు చుట్టూ తిరిగి, గొడవపడి సాధించాను. ఆ శ్రద్ధ ఐదు నెలల ముందు చూపించాల్సింది.

ఐదు వారాల తర్వాత ఒక రోజు పంపిన అంకె మీద చదివిన గుర్తు పడలేదు. మర్నాడు విభాగం వాళ్లందరూ వ్యానులో పూతలపట్టు వైపు వెళ్లారు. నేనూ వెళ్లాను. జనంలో వెనకగా నిలబడ్డాను. పెద్దాయన కూడా వచ్చారు. జరిగింది ఆయనకు తెలియదు. "బంగారట్లాంటి బిడ్డ" అని నా భుజం పట్టుకుని కళ్లు తుడుచుకున్నారు. ఆయన మాట వల్లే ఆపానని ఆయనకు నేనెప్పుడూ చెప్పలేదు. ఆపిన చెయ్యి నాది. ఆ ముసలాయన మీదికి తోసేంత ధైర్యం గానీ, సిగ్గులేనితనం గానీ నాకు లేకపోయింది.

లెక్క నడుస్తూనే ఉంది. ఎవరికోసమని ఆపను? విభాగంలో మేడం పని తెలిసిన వాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు, ఫలితం వస్తే ఆమె పేరు మీదే అచ్చువేయిద్దామన్నారు. రోజూ ఐదింటికి చెయ్యి ఫోను మీదికి పోయేది. ఎండలు ముదిరాయి. ఏసీ రెండుసార్లు మొరాయించింది. బయట నుంచి ఐసు దిమ్మలు తెప్పించి, ఫ్యాన్లు పెట్టి, నా యంత్రాల్ని పసిపిల్లల్లా కాచుకున్నాను.

మే నెలలో ఒక ఉదయం, పదకొండు కావస్తుండగా, అంకెలు పరుగెత్తడం మొదలైంది. మూడు నెలలుగా కొంచెం కొంచెంగా పెరిగిన వేడి తెర మీద నా కళ్లముందే దూసుకుపోయింది. తర్వాత ప్రోగ్రాం తనంతట తానే ఆగింది. అలా ఆగేలాగే మేడం దాన్ని రాశారు. చివర ఒక వరస మిగిలింది. అందులో మొదటి నిప్పు పడిన చోటు మూడు అంకెలుగా ఉంది. పై చదువు నాకు లేకపోయినా, ఆ మూడు అంకెల్ని చదివి మధ్య నుంచి ఎంత దూరమో లెక్కగట్టడం ఆమే నేర్పించారు. కాగితం మీద రెండుసార్లు వేసి చూసుకున్నాను. నడిమధ్య కాదు. కొంచెం పక్కన.

ఈ సంగతి ప్రపంచంలో నాకొక్కడికే తెలుసు. తెలియాల్సిన మనిషి లేదు. ఆ గదిలో, ఆ స్టూలు మీదే కూర్చుని ఏడ్చాను. విభాగంలో వాళ్లకు చెప్పడానికి ముందు ఆమె తల్లికి ఫోను చేశాను.

"ఎవురప్పా?" అంది. వెనకాల మనుషుల మాటలు, కాయలు బుట్టల్లో పడుతున్న చప్పుడు. తోటలో కోత నడుస్తున్నట్టుంది.

"నేనమ్మా, తిరుపతి నుంచి. మేడం లెక్క సూసుకునేవాణ్ణి."

"తెలిసిందిలే. సెప్పు."

"మేడం నక్షత్రం ఈ పొద్దు అంటుకునిందమ్మా."

చప్పుళ్ల నుంచి దూరంగా నడిచినట్టుంది, అవతల కొంచెం నిశ్శబ్దమైంది.

"నడిమద్దెనా, పక్కనా?"

"పక్కనమ్మా. నడిమధ్య నుంచి కొంచెం పక్కన."

"పక్కన" అని తనలో తాను అనుకుంది. "కడాకు మాట పడిపోయినప్పుడు కూడా నువ్వు పంపించిన అంకె సూపించమని సేత్తోనే అడగతా ఉండె."

ఆమె గొంతులో కోపం లేదు. నిజం చెప్పే మనిషి గొంతు ఎలా ఉంటుందో అలాగే ఉంది.

"ఆ పొద్దే నిజం సెప్పుంటే, తనే సూసుకోని పొయ్యుండును గదప్పా."

"అవునమ్మా" అన్నాను.